వేగానికి కళ్ళెం వేసిన రాల్ఫ్ టీటర్

న్యూటన్, ఫారడే, సర్ సి.వి.రామన్ – ఈ పేర్లు తెలియని సైన్సు విద్యార్థి ఉండడు. సూత్రం కనిపెట్టినవాడి పేరు ఆ సూత్రంతో పాటే పాఠ్యపుస్తకంలోకి ఎక్కుతుంది. కాని ఇంజనీర్ల సంగతి అలా కాదు. వాళ్ళు చేసిన వస్తువు మన చేతికి వస్తుంది గాని, వాళ్ళ పేరు మన చెవికి రాదు. అమెరికా మోటారు పరిశ్రమలో ఎంతో పేరున్న రాల్ఫ్ టీటర్ గురించి మన తరగతి గదుల్లో ఒక్క మాటైనా వినిపించకపోవడం అందువల్లనే కాబోలు. కార్లలో ఉండే క్రూయిజ్ కంట్రోల్‌కు ఆద్యుడు ఆయన. ఇందులో విశేషమేమిటంటే ఆయనకు చూపు లేదు. జీవితంలో ఒక్కరోజు కూడా తన యంత్రం బిగించిన కారును తాను నడపలేదు.

ముందుగా ఆ యంత్రం ఏమిటో చెప్పుకుందాం. క్రూయిజ్ కంట్రోల్ అంటే, మనం కోరిన వేగం దగ్గర మీట నొక్కితే, ఎక్సలరేటరు మీంచి కాలు తీసేసినా కారు అదే వేగంతో పోతుంది. బ్రేకు తొక్కితే ఆ పట్టు వదిలేస్తుంది. స్పీడ్ లిమిటర్ అనేది దీనికి అన్నదమ్ముడి వంటిది. అది వేగాన్ని నిలబెట్టదు, హద్దు దాటనివ్వదు. ఎంత తొక్కినా అంతే. మన లారీలకు, బస్సులకు బిగించే స్పీడ్ గవర్నరు ఈ రకానిదే. మొదటిది కాలికి విశ్రాంతి ఇస్తుంది, రెండోది కాలికి అడ్డం పడుతుంది. ఈ రెండూ ఒకే మనిషి బుర్రలోంచి, అదీ ఒకే పరికరంగా ఎలా వచ్చాయో ముందు ముందు చూద్దాం.

గవర్నరు అనే మాట రైతు కుటుంబాల్లో పుట్టిన మాకు కొత్త కాదు. మా తాత కాలం నాటి ఆయిలింజను ఒకటి ఇప్పటికీ మా పశువుల కొట్టం పక్కన తుప్పు పట్టి ఉంది. నీళ్ళు తోడేటప్పుడు బరువు పెరిగి ఇంజను మందగిస్తే, దాని గవర్నరు తనంతట తానే ఆయిలు ఎక్కువ వదిలేది. బరువు తగ్గి ఇంజను రయ్యిమంటే ఆయిలు తగ్గించేది. తిరిగే బరువులు వేగం పెరిగితే బయటికి విచ్చుకుంటాయి, తగ్గితే లోపలికి ముడుచుకుంటాయి. ఆ కదలికే ఆయిలు దారిని తెరుస్తుంది, మూస్తుంది. జేమ్స్ వాట్ 1788లో ఆవిరి యంత్రానికి బిగించింది ఈ సూత్రంతోనే. కాబట్టి వేగాన్ని అదుపులో ఉంచడం టీటర్‌తో మొదలైన విద్య కాదు. ఆయన చేసిన పని వేరు. యంత్రానికే గాక, నడిపే మనిషికి కూడా గవర్నరు కావాలని గుర్తించాడు.

రాల్ఫ్ టీటర్ 1890 ఆగస్టు 17న అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో హేగర్స్‌టౌన్ అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. వాళ్ళ కుటుంబానిది యంత్రాల పని. రైలు పట్టాలను తనిఖీ చేసే చిన్న బండ్లు తయారు చేసేవారు. ఆ వాతావరణంలో పెరిగిన పిల్లవాడి చేతికి పనిముట్లు అందడం సహజమే. అయిదేళ్ళ వయసులో కత్తితో ఏదో చేస్తుండగా అది జారి ఒక కంటికి తగిలింది. కొన్నాళ్ళకు రెండో కన్ను కూడా పోయింది. ఒక కంటికి లోతైన గాయమైతే, మన ఒంటి రక్షణ వ్యవస్థే పొరపాటున బాగున్న కంటి మీద కూడా దాడి చేసే అరుదైన జబ్బు ఒకటుంది. ఆ పసివాడి విషయంలో జరిగింది అదే. ఆ రోజుల్లో దానికి మందు లేదు. ఏడాది తిరిగేసరికి ఆ పిల్లవాడి లోకం పూర్తిగా చీకటైంది.

ఇక్కడే ఆ తల్లిదండ్రులు చేసిన పనిని మెచ్చుకోవాలి. వాళ్ళు కొడుకును మూల కూర్చోబెట్టలేదు. గుడ్డితనం గురించి ఇంట్లో మాట్లాడుకోవడమే మానేశారు. మిగతా పిల్లలు చేసే పనులన్నీ వాడినీ చేయనిచ్చారు. కర్మాగారంలో యంత్రాల మధ్య తిరగనిచ్చారు. చూపున్నవాడు కంటితో ఒక్కసారి చూసి వదిలేసే భాగాన్ని ఆ కుర్రవాడు వేళ్ళతో తడిమి, దాని అంచు, పొడుగు, పంటి లెక్క అన్నీ మనసులో గీసుకునేవాడు. పన్నెండేళ్ళ వయసులో తన దగ్గరి బంధువుల కుర్రాడితో కలిసి సొంతంగా ఒక మోటారు బండి చేశాడంటే ఆ వేళ్ళ చదువు ఎంతటిదో ఊహించుకోవచ్చు. అది 1902 నాటి మాట. అప్పటికి అమెరికాలో చాలా ఊళ్ళు కారు మొహమే చూడలేదు.

హైస్కూలు అయ్యాక ఇంజనీరింగు చదువుతానన్నాడు. చూపులేనివాడు డ్రాయింగు ఎలా గీస్తాడు, లేబరేటరీలో ఎలా పని చేస్తాడు అంటూ కాలేజీలు తలుపులు మూశాయి. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో పై చదువు చదువుతున్న బంధువు నీవా డియర్‌డార్ఫ్ అనే ఆమె అతని తరఫున మాట్లాడింది. చివరికి అక్కడ సీటు దొరికింది. ఆమె పుస్తకాలు చదివి వినిపించేది, ఇతను విని గుర్తు పెట్టుకునేవాడు. 1912లో మెకానికల్ ఇంజనీరింగులో పట్టా పుచ్చుకున్నాడు. తర్వాత 1930లో మాస్టర్స్ పట్టా కూడా అందుకున్నాడు. మన సైన్సు గ్రూపుల్లో చూపులేని విద్యార్థి ఎంతమంది ఉన్నారో ఒక్కసారి చుట్టూ చూసుకుంటే, వంద సంవత్సరాల కిందటి ఆ సీటు విలువ తెలుస్తుంది. నా తరగతిలో ఒక్కరూ లేరు.

మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. యుద్ధనౌకల ఆవిరి టర్బైన్లకు ఒక చిక్కు వచ్చిపడింది. టర్బైను రోటరులో ఒక పక్క బరువు రవ్వంత ఎక్కువున్నా, అది గిర్రున తిరిగేటప్పుడు ఆ కాస్త బరువే పెద్ద సుత్తిలా కొడుతుంది. అపకేంద్ర బలం తిరిగే వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుందని మనం ఇంటర్‌లోనే చదువుకున్నాం. న్యూజెర్సీలోని క్యామ్‌డెన్ ఓడల కర్మాగారంలో టీటర్ ఈ పని మీద కూర్చున్నాడు. కంటికి కనిపించని అదురును వేళ్ళతో పట్టుకుని, రోటర్లను సరితూగేలా చేసే పద్ధతి తయారు చేశాడు. తిరిగే బరువు ఎక్కడ ఎలా లాగుతుందో ఆయన చేతులకు అప్పటినుంచే తెలుసన్నమాట. ఆ అపకేంద్ర బలమే తర్వాత గవర్నరులో ఆయనకు చుట్టమైంది.

యుద్ధం ముగిశాక సొంత ఊరికి తిరిగి వచ్చి కుటుంబ వ్యాపారంలో చేరాడు. ఆ కంపెనీయే తర్వాత పర్ఫెక్ట్ సర్కిల్ అనే పేరుతో పిస్టన్ రింగుల తయారీలో ప్రసిద్ధి పొందింది. 1936లో అమెరికా ఆటోమోటివ్ ఇంజనీర్ల సంఘానికి, అంటే ఎస్.ఎ.ఇ.కి, అధ్యక్షుడయ్యాడు. 1946లో పర్ఫెక్ట్ సర్కిల్ అధ్యక్షుడయ్యాడు. మధ్యలో గేరు మార్చే సాధనం, తాళాలు, చేపల గాలం కర్రను పట్టి ఉంచే స్టాండు వంటివి ఎన్నో కనిపెట్టాడు. వాటన్నిటినీ చెప్పుకుంటూ పోతే సంచిక చాలదు. మనకు కావలసిన కథ రెండో ప్రపంచ యుద్ధంలో మొదలవుతుంది.

ఆగ్నేయాసియాలోని రబ్బరు తోటల దేశాలు జపాను చేతికి చిక్కాయి. అమెరికాకు పెట్రోలు కంటే రబ్బరు కరువు ఎక్కువైంది. టైర్లు అరగకుండా ఉండాలని 1942లో దేశమంతటా గంటకు 35 మైళ్ళు, అంటే సుమారు 56 కిలోమీటర్లు, మించి పోరాదని నిబంధన పెట్టారు. నిబంధన పెట్టడం తేలిక. కాలు ఆ లెక్కలో ఉండాలి గదా! సరిగ్గా ఈ రోజుల్లోనే టీటర్ తన లాయరు నడిపే కారులో తరచు ప్రయాణించేవాడు. ఆ లాయరు గారు తాను మాట్లాడేటప్పుడు కారు నెమ్మది చేసేవాడట, ఎదుటివాడు చెప్పేది వినేటప్పుడు వేగం పెంచేవాడట. పక్కన కూర్చున్న టీటర్‌కు ఒళ్ళంతా ముందుకూ వెనక్కూ ఊగేది. చూపున్నవాళ్ళు అయితే కిటికీలోంచి చెట్లూ చేమలూ చూస్తూ దీన్ని పట్టించుకునేవారు కారు. చూపులేని మనిషికి దారి అంటే ఆ ఊగిసలాటే. డ్రైవరు మనసు ఎటు పోతే కాలు అటు పోతుందనే నిజం ఆయనకు అలా అందింది.

అప్పటినుంచి ఏళ్ళ తరబడి ప్రయోగాలు చేసి 1950 ఆగస్టు 22న పేటెంటు సంపాదించాడు. అరవయ్యో పుట్టినరోజు వెళ్ళి అప్పటికి అయిదు రోజులు. పరికరం పనితీరు ఇదీ: డ్రైవరు ముందున్న మీటతో వేగాన్ని ఎంచుకుంటాడు. చక్రాలను తిప్పే షాఫ్టు నుంచి కదలిక తీసుకునే గవర్నరు ఆ వేగం రాగానే స్ప్రింగు పట్టును దాటి ఒక పిస్టనును కదిలిస్తుంది. ఇంజను పీల్చే గాలి శూన్యంతో ఆ పిస్టను పని చేసి ఎక్సలరేటరు పెడలును తిరిగి పైకి నెడుతుంది. కాలికి హద్దు వచ్చిందని తెలుస్తుంది. గమనించండి, ఇంతవరకు ఇది లిమిటరే! పెడలు మీద కాలు ఉండాల్సిందే, డ్రైవరు తన పనిలో ఉండాల్సిందే. ఆ తర్వాతి నమూనాల్లో విద్యుదయస్కాంతంతో, బ్రేకు తాకేదాకా వేగాన్ని పట్టి ఉంచే ఏర్పాటు చేర్చారు. కాలు పెడలు మీంచి లేచింది. ఒకే పరికరం లిమిటరుగా పుట్టి క్రూయిజ్ కంట్రోల్‌గా మారిన క్షణం అదే. ఈనాటికీ నడుస్తున్న వాదమంతా ఆ ఒక్క మార్పు చుట్టూనే తిరుగుతోందని నా అభిప్రాయం.

దీనికి కంట్రోల్‌మాటిక్, టచ్చోమాటిక్, ప్రెస్సోమాటిక్, స్పీడోస్టాట్ – ఇలా ఎన్నో పేర్లు పెట్టి చూశారు. 1958లో క్రైస్లర్ కంపెనీ తన ఖరీదైన కార్లలో ఆటో పైలట్ అనే పేరుతో అమ్మింది. తర్వాత కాడిలాక్ వాళ్ళు పెట్టిన క్రూయిజ్ కంట్రోల్ అన్న పేరు నిలబడింది. నిలబడిందే మంచిదయింది. ఆటో పైలట్ అంటే బండి తానే నడుస్తుందన్న భ్రమ పేరులోనే ఉంది. 1973 చమురు సంక్షోభం వచ్చి, 1974లో అమెరికా మళ్ళీ దేశమంతటికీ 55 మైళ్ళ హద్దు పెట్టినప్పుడు ఈ పరికరానికి గిరాకీ బాగా పెరిగింది. ఆ హద్దును 1995లో ఎత్తేశారు గాని పరికరం మాత్రం స్థిరపడిపోయింది. ముందు పోయే బండి దూరాన్ని కూడా కొలిచి వేగం తగ్గించుకునే రకాలు 1990లలో వచ్చాయి.

ఇక మంచిచెడ్డలు. పెట్రోలు ఆదా అవుతుందని అందరూ అంటారు. లెక్క వేద్దాం. గాలి నిరోధం వేగపు వర్గాన్ని బట్టి ఉంటుంది. సగం దూరం 70లోను, సగం దూరం 90లోను పోతే వర్గాల సగటు 6,500. మొత్తం 80లో పోతే 6,400. తేడా నూటికి రెండు కూడా లేదు! అసలు ఆదా, ఊరికే వేగం పెంచి, బ్రేకు వేసి, మళ్ళీ పెంచే అలవాటు తగ్గడం వల్ల వస్తుంది. ఎత్తుపల్లాల దారిలో మాత్రం మంచి డ్రైవరే నయం. ఎత్తు ఎక్కేటప్పుడు కాస్త వేగం పోనిచ్చి దిగేటప్పుడు రాబట్టుకుంటాడు. యంత్రం ఎత్తులో కూడా పంతం పట్టి పెట్రోలు పోస్తుంది. దూర ప్రయాణంలో కాలి నొప్పి తగ్గడం, తెలియకుండా హద్దు దాటకపోవడం నిజమైన లాభాలే. అమెరికాలో వందల మైళ్ళు తిన్నగా సాగే హైవేల మీద తిరిగే మన తెలుగువాళ్ళకు ఇవి అనుభవంలో ఉన్నవే.

చెడ్డ సంగతి ఏమిటంటే కాలికి పని లేకపోతే మనసుకూ పని తగ్గుతుంది. నిద్ర ముంచుకొస్తుంది. 80 కిలోమీటర్ల వేగంలో కారు క్షణానికి 22 మీటర్లు పోతుంది. తేరుకుని బ్రేకు మీదికి కాలు తేవడానికి ఒకటిన్నర క్షణం పట్టిందనుకుంటే, బ్రేకు పడకముందే 33 మీటర్లు అయిపోయాయి. వానలో మరీ ప్రమాదం. నీటి పొర మీద టైరు పట్టు తప్పినా వేగాన్ని నిలబెట్టాలనే యంత్రం చూస్తుంది. అందుకే తడి రోడ్డు మీద దాన్ని వాడరాదంటారు.

లిమిటరు సంగతి ఇంకో రకం. మన దేశంలో 2015 అక్టోబరు 1 నుంచి కొత్త రవాణా వాహనాలకు 80 కిలోమీటర్ల దగ్గర, టాంకర్లు, డంపర్లు, స్కూలు బస్సులకు 60 దగ్గర స్పీడ్ గవర్నరు బిగించాలని నిబంధన వచ్చింది. అంబులెన్సులు, ఫైరింజన్లు, పోలీసు బండ్ల వంటివాటికి మినహాయింపు ఉంది. కార్లకు 2019 జులై నుంచి 80 దాటితే చప్పుడు, 120 దాటితే ఆగని చప్పుడు పెట్టారు. ఐరోపాలో బరువైన లారీలకు 90 కిలోమీటర్ల లిమిటరు ఎప్పటినుంచో ఉంది. 2024 జులై నుంచి అక్కడ అమ్మే ప్రతి కొత్త కారులోను రోడ్డు హద్దును గుర్తించి హెచ్చరించే ఏర్పాటు ఉండాలి. అయితే డ్రైవరు గట్టిగా తొక్కితే అది దారి ఇస్తుంది. అంటే టీటర్ మొదటి నమూనాలోని ఆలోచనకే మళ్ళీ వచ్చారన్నమాట.

మా బాబాయి లారీ డ్రైవరు. ఆయనకు గవర్నరు అంటే ఒళ్ళు మంట. కారణం అడిగితే ఓవర్‌టేకు అన్నాడు. ఆయన చెప్పింది కాగితం మీద వేసి చూశాను. ముందు లారీ 78లో పోతోంది, మనది 80 దాటదు. రెండు లారీల పొడుగు, ముందూ వెనకా వదలవలసిన ఖాళీ కలిపి 60 మీటర్లు అనుకుందాం. గంటకు 2 కిలోమీటర్ల తేడాతో ఆ 60 మీటర్లు దాటడానికి 108 క్షణాలు పడుతుంది. ఆలోగా లారీ 2,400 మీటర్లు పోతుంది. రెండు వరసల రోడ్డు మీద అంతసేపు ఎదుటి వరసలో ఉండటమంటే చావును పిలవడమే. కాబట్టి ఆయన ఫిర్యాదులో నిజం ఉంది. అయితే అలాంటప్పుడు వెనకే పోవచ్చు గదా అని అడిగాను. పోవచ్చు గాని యజమాని ఊరుకోడన్నాడు. సరుకు తెల్లారేసరికి దించాలి, లేకపోతే ట్రిప్పు డబ్బుల్లో కోత. ఆయన ఇదివరకు పనిచేసినచోట ఫిట్‌నెస్ పరీక్ష నాటికి గవర్నరు పనిచేసేదట, మర్నాటికి దాని వైరు ఊడి ఉండేదట. నాకు అప్పుడు అర్థమయింది. ఎక్సలరేటరు మీద ఉన్నది బాబాయి కాలే గాని, దాన్ని తొక్కుతున్నది ఆయన ఒక్కడే కాదు. గవర్నరు సరిగా ఉంటే బండి ఇంతకు మించి పోదని చెప్పుకునే ఆధారం డ్రైవరుకు ఉంటుంది. బీదవాడికి ఆ మాట చిన్నదేమీ కాదు. ఈ సంగతి ఆయనతో అంటే నవ్వి ఊరుకున్నాడు. ఒప్పుకోలేదు, కాదనా లేదు.

నేను ఈ విషయంలో కారువాళ్ళ పక్షాన గాక రోడ్డు పక్కవాళ్ళ పక్షాన ఆలోచిస్తాను. మా ఊరి రైతులు మొక్కజొన్న ఆరబోసేది ఆ రోడ్డు మీదే. గేదెలు దాటేది, వెనక దీపం లేని ట్రాక్టరు ట్రక్కు పత్తి వేసుకుని రాత్రిపూట పోయేది ఆ రోడ్డు మీదే. అవన్నీ తప్పే, కాదనను. కాని 100 వేగంతో వచ్చే కారులో 80 వేగంతో వచ్చేదానికంటే ఒకటిన్నర రెట్లకు పైగా శక్తి ఉంటుంది. వేగం పావు వంతు పెరిగితే దెబ్బ సగానికి పైగా పెరుగుతుంది. ఇటువంటి రోడ్ల మీద కాలికి విశ్రాంతి ఇచ్చే యంత్రం కంటే కాలికి అడ్డం పడే యంత్రమే మనకు ఎక్కువ అవసరం. తిన్నటి, కంచె వేసిన, పశువులు రాని హైవే మీద క్రూయిజ్ కంట్రోల్ వాడుకోవచ్చు. ఊళ్ళ మధ్య మాత్రం దాని జోలికి పోకూడదు.

టీటర్ తన కంపెనీని 1963లో డానా కార్పొరేషన్‌కు అప్పగించారు. యువ ఇంజనీరింగు అధ్యాపకులకు ఎస్.ఎ.ఇ. ఏటా ఇచ్చే బహుమతికి ఆయన పేరే పెట్టారు. తాను పుట్టిన హేగర్స్‌టౌన్‌లోనే 1982 ఫిబ్రవరి 15న, 91 ఏళ్ళ వయసులో కన్ను మూశారు. 1988లో ఆటోమోటివ్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆయనకు స్థానం దక్కింది.

యంత్రానికి వేగం తెలుసు, దారి తెలియదు. దారి తెలుసుకోవలసింది మనమే. టీటర్ గారికి దారి కనిపించకపోయినా, పక్కవాడి కాలు ఎప్పుడు తడబడుతోందో తెలిసేంత శ్రద్ధ ఉంది. రేపు మనలో చాలామంది ఉద్యోగాలు చేసి కార్లు కొంటారు. కొందరు ఇంజనీర్లయి ఇటువంటి యంత్రాలే చేస్తారు. కొన్నవాళ్ళు ఆ మీట నొక్కాక కూడా కళ్ళు రోడ్డు మీదే ఉంచాలి. చేసేవాళ్ళు, కారులో కూర్చునేవాడితో పాటు రోడ్డు పక్కన గేదెలు తోలుకుపోయేవాణ్ణి కూడా తమ లెక్కలో వేసుకోవాలి.